దేవుడితో మాటల్లేని ఏడాది

దాదాపు ఏడాదిపాటు నాకూ దేవుడికీ మాటల్లేవు. ఒకే ఇంట్లో ఉన్న ఇద్దరి మధ్య మాటలు ఆగిపోతే ఎలా ఉంటుందో అలాగే ఉండేది. వంట ఆగదు, బట్టలు ఉతకడం ఆగదు, చుట్టాలొస్తే నవ్వడం కూడా ఆగదు. నేను ఆదివారం ఆరాధనకి వెళ్ళేదాన్ని, అందరితోపాటు పాటలు పాడేదాన్ని, కళ్ళు మూసుకోమంటే మూసుకునేదాన్ని. లోపల మాత్రం ఒక్క మాట పలికేదాన్ని కాదు. బయట చూసేవాళ్ళకి తేడా ఏమీ కనిపించలేదు. మా ఆయన ఒక్కడే కనిపెట్టాడు.

నేను నాస్తికురాలిని కాలేదు. అసలు లేనివాడి మీద అలగడం కుదరదు కదా. ఆయన ఉన్నాడని నాకు ఎప్పుడూ సందేహం రాలేదు. ఉండి అలా చేశాడనే నా బాధ.

అంతకుముందు పొద్దున్నే వాక్యం చదువుకోవడం నాకు పళ్ళు తోముకోవడం లాంటిది. మా ఊళ్ళో సండేస్కూలు రోజుల్లో పడిన అలవాటు, అమెరికాకి, శాంటా క్లారాలో ఈ అపార్ట్‌మెంట్‌ దాకా వచ్చింది. డైనింగ్ టేబుల్ దగ్గర టీ కప్పు, తెలుగు బైబిలు, రంగు పెన్సిళ్ళు. నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. ఒకళ్ళు రాసినదాంట్లో ఎక్కడ తేడా ఉందో వెతకడమే నా ఉద్యోగం, దాంట్లో నాకు మంచి పేరే ఉంది. కానీ ఆ టేబుల్ దగ్గర ఆ బుద్ధి పక్కన పెట్టేదాన్ని. అక్కడ నేను వెతికేది నాకు పనికొచ్చే వాక్యం. దొరికితే పచ్చ పెన్సిల్‌తో గీత గీసి, నాదే అనుకుని లేచేదాన్ని. దొరక్కపోతే పేజీ తిప్పేదాన్ని. అదే ధ్యానం అనుకునేదాన్ని, అలా అనుకోని వాళ్ళు మా సంఘంలో పెద్దగా లేరు కూడా.

మా తెలుగు సంఘానికి సొంత గుడి లేదు. సన్నీవేల్‌లో ఒక అమెరికన్ చర్చి వాళ్ళ హాలు ఆదివారం మధ్యాహ్నాలు అద్దెకి తీసుకుంటాం. పొద్దున వాళ్ళ కాఫీ వాసన పూర్తిగా పోకముందే మేం కీబోర్డూ తబలా బిర్యానీ గిన్నెలూ మోసుకుని దిగుతాం. వంట వాసన గురించి వాళ్ళు వంటగది తలుపు మీద మర్యాదగా ఒక కాగితం అంటించారు. మేమూ మర్యాదగా కిటికీలు తీస్తాం. అయ్యగారు వారమంతా మా అందరిలాగే కంపెనీలో పనిచేసి, ఆదివారం ప్రసంగం చెబుతారు. ఆయన భార్యని అందరం అమ్మగారు అంటాం. సంఘాన్ని నిజంగా నడిపించేది ఆవిడే.

ప్రతి ఆదివారం ప్రార్థన విన్నపాలు చదువుతారు. గ్రీన్ కార్డులు, లేఆఫ్‌లు, ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళ మోకాళ్ళు, ఆ తర్వాత మేము. పెళ్ళై చాలా ఏళ్ళైనా మాకు పిల్లలు లేరు. ఇప్పటికీ లేరు. ఇది చివర్లో ఊయల వేయించే కథ కాదని ముందే చెప్పేస్తున్నాను, ఎదురుచూపు పెట్టుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసు కాబట్టి.

కొత్త సంవత్సరం రోజున మా దగ్గర వాగ్దానం తీస్తారు. ఇది తెలుగు క్రైస్తవుల ఇళ్ళలో పుట్టినవాళ్ళందరికీ తెలిసిన సంగతే. చిన్న చిన్న కార్డుల మీద ఒక్కో వాక్యం అచ్చువేసి పళ్ళెంలో బోర్లా పెడతారు. ఒక్కొక్కరూ వెళ్ళి ఒకటి తీయాలి. చేతికి ఏది వస్తే అది ఆ ఏడాదికి దేవుడు మనకిచ్చిన మాట. కొందరికి ప్రయాణాల గురించి వస్తుంది, కొందరికి శత్రువుల గురించి వస్తుంది. శత్రువుల గురించి వచ్చినవాళ్ళు ఆఫీసులో తమ మేనేజర్‌ని తలచుకుంటారు.

ఆ ఏడాది నా చేతికి వచ్చిన కార్డు మీద, పిల్లలు లేని స్త్రీ సంతోషించాలన్న అర్థం వచ్చే వాక్యం ఉంది. అమ్మగారు దాన్ని నా చేతిలోంచి తీసుకుని మైకులో చదివారు. హాలంతా ఒక్కసారిగా ఆమెన్ అంది. వెనక వరసలో ఎవరో ఏడ్చారు కూడా. నాకు ఒళ్ళు జలదరించింది. ఇంటికొచ్చి కార్డుని ఫ్రిజ్ తలుపుకి అంటించాను. మా ఆయన పాల డబ్బా తీసుకోవడానికి వచ్చి దాన్ని చదివి, పాలు తీసుకుని వెళ్ళాడు.

వసంతం వచ్చేసరికి నేను గర్భవతిని. మా అమ్మ ఫోన్‌లో మొదట దేవుడికి స్తోత్రం చెప్పింది, వెంటనే గొంతు తగ్గించింది. "మూడో నెల దాటేదాకా ఎవరితోనూ అనకు. మన మనుషులు మంచివాళ్ళే అనుకో. అయినా అనకు."

అమ్మగారితో మాత్రం అన్నాను, కార్డు చదివింది ఆవిడే కాబట్టి. ఆవిడ నన్ను గట్టిగా పట్టుకున్నారు. అమ్మ చెప్పిన మాట చెబితే నవ్వారు. "అది భయం అమ్మా, ఫెయిత్ కాదు. దేవుడు ప్రామిస్ చేశాక దాన్ని మనం క్లెయిమ్ చేసుకోవాలి. ఈ సండే సాక్ష్యం చెప్పు. నలుగురికీ స్ట్రెంత్ వస్తుంది."

సాక్ష్యం అంటే మామూలుగా దేవుడు చేసిన మేలు గురించి అది జరిగాక సంఘంలో నిలబడి చెప్పడం. మాలో ఇంకోరకం కూడా ఉంది. జరగబోయేదాన్ని జరిగినట్టే చెప్పి ముందుగానే కృతజ్ఞత తెలపడం. అలా చెప్పి వీసా వచ్చినవాళ్ళున్నారు, ఇల్లు దొరికినవాళ్ళున్నారు. రానివాళ్ళూ ఉండే ఉంటారు. వాళ్ళు మళ్ళీ లేచి నిలబడి ఆ సంగతి చెప్పరు కాబట్టి మనకి తెలియదు.

నేను లేచి నిలబడ్డాను. పట్టుచీర కట్టుకున్నాను ఆ రోజు. క్రిస్మస్‌కి బిడ్డనెత్తుకుని ఇదే హాలుకి వస్తామని చెప్పాను. చప్పట్లు చాలాసేపు కొట్టారు. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆంటీలు నా పళ్ళెంలో నేను తినగలిగినదానికన్నా ఎక్కువ వడ్డించారు. మరుసటి వారం నుంచి గోంగూర పచ్చడి, మాగాయి, సున్నుండలు మా ఇంటికి రావడం మొదలైంది. అబద్ధం ఎందుకు, ఆ రోజులు చాలా బాగున్నాయి.

నాలుగో నెలలో స్కానింగ్‌కి వెళ్ళాం. స్కాన్ చేసే అమ్మాయి సీరియల్ గురించో వాతావరణం గురించో మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగింది. స్క్రీన్‌ని తన వైపు తిప్పుకుంది. డాక్టర్‌ని పిలుస్తానని వెళ్ళింది. ఆ గదిలో సింక్ పైన చేతులు ఎలా కడుక్కోవాలో బొమ్మలతో ఒక పటం ఉంది. నేనూ మా ఆయనా ఆ బొమ్మలు చూస్తూ కూర్చున్నాం. డాక్టర్ వచ్చి చెప్పేది ఏమిటో అప్పటికే ఇద్దరికీ తెలుసు.

ఆసుపత్రి నుంచి వచ్చాక అమ్మగారు సాంబారన్నం పట్టుకుని వచ్చారు. నా మంచం పక్కన కూర్చుని నిజంగానే ఏడ్చారు. "దేవుడికి ఏదో ప్లాన్ ఉండి ఉంటుందమ్మా" అన్నారు. నేను తలూపాను. ఆవిడ మీద నాకు కోపం రాలేదు. ఆవిడకి చెప్పడానికి అంతకన్నా మాట లేదు. సంఘం వాళ్ళంతా మంచిగానే ఉన్నారు. కాకపోతే నా సాక్ష్యాన్ని ఏం చేయాలో ఎవరికీ తెలియలేదు. చెప్పడానికి ఒక పద్ధతి ఉంది, వెనక్కి తీసుకోవడానికి లేదు. అందుకని ఎవరూ దాని ఊసెత్తలేదు. ప్రార్థన విన్నపాల్లో మోకాళ్ళ తర్వాత నేరుగా దేశాధినేతల దగ్గరికి వెళ్ళిపోయేవారు.

ఊసెత్తింది ఒక్క అంకులే. ఆయన నా సాక్ష్యం విన్న వారమే ఇండియా వెళ్ళి, కొన్ని నెలలుండి తిరిగొచ్చారు. ఆ ఆదివారం భోజనాల లైన్లో నా ముందు నిలబడి, "ఏమ్మా, ఎన్నో నెల?" అని అందరికీ వినబడేలా అడిగారు. వడ్డిస్తున్న అమ్మాయి గరిటె గిన్నెలోనే ఉంచేసింది. నేను "లేదంకుల్, పోయింది" అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. "ఏం పోయింది?" అన్నారు. మా ఆయన ఎక్కడ నుంచి వచ్చాడో గానీ ఆయన భుజం మీద చెయ్యివేసి, ఏదో కారు పార్కింగ్ విషయమని బయటికి తీసుకెళ్ళాడు. 

పొద్దున్న టేబుల్ దగ్గర కూర్చోవడం మాత్రం మానలేదు. బైబిలు మూసే ఉండేది. నేను టీ ముందు పెట్టుకుని కిటికీలోంచి ఎదురు బిల్డింగ్ బాల్కనీలో ఆరేసిన తువ్వాళ్ళని చూసేదాన్ని. ఒకరోజు మా ఆయన ఆఫీసుకి తయారై వచ్చి, ఆ చల్లారిన కప్పుని చూశాడు. "చదవకపోతే పోనీలే, టీ అయినా తాగు" అన్నాడు. మళ్ళీ వేడి చేసి నా ముందు పెట్టి ఆఫీసు షటిల్ బస్సు కోసం పరిగెత్తాడు. ఆ ఏడాదంతా నాతో మతం గురించి ఆయన మాట్లాడింది అంతే. అది నాకు ప్రసంగాలకన్నా మేలు చేసింది.

ఆకులు రాలే కాలంలో మా సంఘంలోకి ఒక ముసలావిడ వచ్చారు. కొడుకూ కోడలి దగ్గర ఉండిపోవడానికి కోస్తా నుంచి వచ్చారు. పూర్వం మిషన్ ఆసుపత్రిలో నర్సు. రెటీనా దెబ్బతిని అక్షరాలు కనబడటం మానేశాయి. కొడుకూ కోడలూ పొద్దున్నే ఆఫీసులకి వెళ్ళిపోతారు. మనవరాలికి తెలుగు మాట్లాడటమే కష్టం, ఇక చదవడం సంగతి చెప్పక్కర్లేదు. ఫోన్‌లో ఆడియో యాప్ పెట్టిచ్చారట గానీ ఆవిడ ఒప్పుకోలేదు.

"ఆ చదివే ఆయన ప్రతిదానికీ ఏడుపు గొంతు పెడతాడమ్మా," అని నాతోనే చెప్పారు తర్వాత. "వెనకాల ఒక ఫ్లూటూ. నాక్కావాల్సింది వాక్యం, సినిమా కాదు."

అమ్మగారు ఆ పని నాకు అప్పజెప్పారు. నా ఉచ్చారణ బాగుంటుందనీ, రోజూ కొంచెంసేపు ఫోన్ చేసి చదివి వినిపించమనీ అన్నారు. నన్ను మళ్ళీ దారిలో పెట్టడానికి వేసిన ఎత్తు అది అని నాకు అప్పుడే అనుమానం వచ్చింది. కాదనడానికి కారణం దొరక్క సరేనన్నాను. పైగా నాకు ఇబ్బంది ఏమీ కనబడలేదు. చదవడం వేరు, మాట్లాడటం వేరు. ఇంట్లో అలిగినవాళ్ళు కూడా ఫోన్ మోగితే తీసి, మీకే అని అందిస్తారు కదా. నేను చేసేది ఆపాటిదే అనుకున్నాను.

ఇంట్లో అయితే మా ఆయన కాల్స్‌లో ఉంటాడు. అందుకని ఆఫీసుకి ముందుగా వెళ్ళి, పార్కింగ్ లాట్‌లో చివరి వరసలో కారు ఆపి, ఫోన్ స్పీకర్‌లో పెట్టి, బైబిలుని స్టీరింగ్‌కి ఆనించి చదివేదాన్ని. ఆ పెద్దావిడని ఆంటీ అని పిలిచేదాన్ని, ఆవిడ మొదటిరోజే షరతులు చెప్పారు.

"మొదటి పేజీ నుంచి రెండు మూడు అధ్యాయాలు, ఆఖర్న ఒక కీర్తన. ఏదీ వదలకూడదు. వివరం చెప్పకు, ప్రసంగాలు ఆదివారం వింటూనే ఉన్నాగా."

"సరే ఆంటీ."

"గొంతు పెంచు. నాకు కళ్ళే పోయాయి అనుకుంటున్నావు. చెవులు కూడా అంతంతే."

వివరం చెప్పక్కర్లేదన్నాక నాకు ఎంత హాయిగా అనిపించిందో. ఆవిడకి నా సంగతేమీ తెలియదు. నా సాక్ష్యం విననివాళ్ళు సంఘంలో ఆవిడ ఒక్కరే. ఆవిడకి నేను పొద్దున్నే వచ్చే ఒక గొంతుని, అంతే.

ఏదీ వదలకుండా చదవడం నాకు కొత్త. నేను ఎప్పుడూ పచ్చ పెన్సిల్‌తో ఏరుకుని చదివినదాన్ని. ఇప్పుడు వంశావళులన్నీ చదవాల్సి వచ్చింది. ఫలానావాడు ఫలానావాణ్ణి కన్నాడు, వాడు ఇంకొకణ్ణి కన్నాడు, పేజీల కొద్దీ కనడమే. కార్లో కూర్చుని ఇతరుల పిల్లల పేర్లు గట్టిగా చదువుతుంటే పేజీ ఎప్పుడు అయిపోతుందా అని చూసేదాన్ని. ఒకరోజు తట్టుకోలేక అరపేజీ దాటేశాను.

"ఏమ్మా, ఏదో తప్పింది," అన్నారు ఆంటీ.

"పేర్లే ఆంటీ. అన్నీ పేర్లే."

"పేర్లయితే మాత్రం? చదువు. కాన్పుల వార్డులో పనిచేసినదాన్ని, నాకు అవి బాగుంటాయి."

వెనక్కి వెళ్ళి చదివాను. చదువుతున్నంతసేపూ ఆంటీ మీద చిరాకుగా ఉంది.

ఆ పాత కథల్లో పిల్లలు లేని ఆడవాళ్ళు చాలామంది వస్తారు. వాళ్ళందరికీ ఆఖరికి పుడతారు, అదీ కొడుకులే. ముసలితనంలోనైనా పుడతారు. నేను వాళ్ళ గురించి చిన్నప్పుడు పాటలు పాడాను. ఇప్పుడు ఒక్కొక్కరూ కడుపుతో ఉన్నారని చదివి వినిపిస్తుంటే అసూయతో ఒళ్ళు మండేది. పండగ దగ్గర పడుతున్న రోజులవి. క్రిస్మస్ ఆరాధనకి వెళ్ళాను, అదే హాలు, అదే పట్టుచీర. వంటగదిలో నిలబడి అందరికీ కాగితం పళ్ళేలు అందించాను. బిడ్డనెత్తుకుని వస్తామని నేను చెప్పిన మాట అక్కడ అందరికీ గుర్తుంది, ఎవరూ నా కళ్ళలోకి చూడకపోవడం వల్ల తెలిసింది.

కొన్ని వారాల తర్వాత రాజుల కథల్లోకి వచ్చాం. అక్కడ ఒక రాజు భార్య ఉంది. ఆవిడకి చచ్చిపోయేదాకా పిల్లలు పుట్టలేదని ఒక్క వాక్యం రాసి, అధ్యాయం ముగించేశారు. నేను చదివి ఆగాను.

"తర్వాత?" అన్నారు ఆంటీ.

"అంతే ఆంటీ. అధ్యాయం అయిపోయింది."

"ఆవిడ గురించి ఇంకేం రాయలేదా?"

"లేదు."

ఆంటీ "పాపం" అన్నారు. ఆ ఒక్క ముక్కే. అది ఎప్పుడో చచ్చిపోయిన ఆ రాణి కోసం అన్నది. నాకు మాత్రం కళ్ళ వెంట నీళ్ళొచ్చాయి. గొంతు సవరించుకుని, మంచినీళ్ళు తాగుతున్నానని చెప్పి, ఆ రోజు కీర్తన చదివి ముగించాను. నన్ను చూసి ఎవరూ అంత సూటిగా పాపం అనలేదని తర్వాత నాకు తట్టింది. అందరూ ప్లాన్ గురించే చెప్పారు.

ఆ రోజు నుంచి ఒక మార్పు వచ్చింది. మర్నాడు చదవబోయే భాగాన్ని ముందురోజు సాయంత్రమే చూసుకోవడం మొదలుపెట్టాను. పాత తెలుగు మాటలు నోరు తిరగక ఆంటీ చేత తిట్లు తినడం ఇష్టం లేక అని నాకు నేను చెప్పుకున్నాను. కానీ చూసుకోవడం చదవడమైంది, చదవడం వెతకడమైంది. ఈసారి వెతికింది పచ్చ పెన్సిల్‌తో కాదు. ఆఫీసులో వాడే బుద్ధితోనే చదివాను. ఇక్కడ నిజంగా ఏం రాసి ఉంది, ఎవరు ఎవరితో అంటున్నారు, ఏ పరిస్థితిలో అంటున్నారు, రాసి లేనిది నేను ఏం కలుపుకుంటున్నాను. టెస్టింగ్‌లో నా కింద పనిచేసే పిల్లలకి నేను నేర్పేది ఇదే. ఇన్నేళ్ళలో బైబిలుకి దీన్ని వాడటం మర్యాద కాదనుకున్నాను.

అలాగే ఒకరోజు నా వాగ్దానం కార్డు మీది వాక్యం అసలు ఎక్కడుందో తీసి చూశాను. కార్డు ఫ్రిజ్ మీద లేదు, వేసవిలోనే మా ఆయన తీసేశాడు. కానీ ఆ వాక్యం నేను మరిచిపోయేది కాదు. ముందూ వెనకా కలిపి మొత్తం అధ్యాయం చదివాను. అది ఏ స్త్రీతోనూ అన్న మాట కాదు. శత్రువులు కూలగొట్టిన ఒక నగరంతో అన్న మాట. ఊరు ఊరంతా పరాయిదేశానికి చెరగా వెళ్ళిపోతే, ఆ పాడుబడిన ఊరిని పిల్లలు లేని స్త్రీ అని పిలిచి ఓదార్చాడు ప్రవక్త. ఆ మాట విన్న తరంలో చాలామంది తిరిగి ఇల్లు చూడకుండానే పోయి ఉంటారు. కార్డు మీద ఇదంతా లేదు. కత్తిరించినవాళ్ళని అనడానికి లేదు, కార్డు చిన్నది.

నాకు అప్పుడు ఉపశమనం కలిగిందంటే నమ్ముతారో లేదో. ఇన్నాళ్ళూ దేవుడు మాట ఇచ్చి తప్పాడని నా అలక. ఆ మాట నాకు ఇచ్చినది కాదని తేలింది. కేసు కొంచెం బలహీనపడింది. అలాగని కొట్టివేయడానికీ లేదు. మాట ఇవ్వకపోయినా బిడ్డని ఇచ్చింది నిజం, తీసుకున్నది నిజం. ఆ సంగతి ఏ అధ్యాయం చదివినా మారలేదు. ఇక మిగిలింది ఆయనా నేనూ. మధ్యలో అడ్డం పెట్టుకుని పోట్లాడటానికి కార్డు కూడా లేదు.

కీర్తనలు కూడా నాకు కొత్తగా కనబడ్డాయి. స్తోత్రాల పుస్తకం అనుకునేదాన్ని. వరసగా చదివితే సగం ఫిర్యాదులే. ఎక్కడున్నావు, ఎందుకు వినిపించుకోవు, ఇంకెన్నాళ్ళు అని నిలదీయడమే. మా పనిలో వీటిని బగ్ రిపోర్టులంటాం. ఎవరి బాధ్యతో వాళ్ళ పేరు మీదే నేరుగా రాసి, వాళ్ళు జవాబిచ్చేదాకా మూయకుండా ఉంచుతాం. ఈ పాటలు కట్టినవాళ్ళు కూడా అంతే చేశారు. దేవుడి మీద పక్కవాళ్ళకి చెప్పుకోలేదు, దేవుడికే చెప్పారు. వాళ్ళకి నాకన్నా ఎక్కువ కోపం ఉంది, అయినా మాట మానలేదు. ఈ తేడా గమనించాక నాకు నిద్ర సరిగా పట్టలేదు.

ఆ చలికాలం చివర్లో ఒక పొద్దున. వాన పడుతోంది. ఆంటీకి జలుబు చేసి గొంతు బొంగురుపోయింది. "మందు వేసుకున్నాను, మగతగా ఉంది. అయినా చదువు" అన్నారు. రెండు అధ్యాయాలు చదివి ఆ రోజు కీర్తనకి వచ్చాను. ముందురోజు ఇంట్లో చుట్టాలుండి దాన్ని చూసుకోలేదు.

అది కూడా ఫిర్యాదే. అప్పటికి నాకు వాటి పద్ధతి అలవాటైంది. ఎంత ఏడ్చినా, ఎంత నిలదీసినా ఆఖర్లో ఎలాగో సర్దుకుని స్తుతితో ముగుస్తాయి. దీనికోసం కూడా అలాగే ఎదురుచూస్తూ చదువుతున్నాను. సగంలో ఉండగా స్పీకర్‌లోంచి గురక మొదలైంది. ఆంటీ నిద్రపోయారు.

మామూలుగా అయితే ఫోన్ పెట్టేసి లోపలికి వెళ్ళిపోవచ్చు. పెద్దావిడకి తర్వాత చెప్పుకోవచ్చు. నేను పెట్టేయలేదు. చదవడం కూడా ఆపలేదు. ఎందుకో గొంతు ఇంకాస్త పెంచాను. కీర్తన ముగిసింది. అది సర్దుకోలేదు. చివర స్తుతి లేదు, ఓదార్పు లేదు. చీకట్లోనే ఆగిపోయింది. కట్టినవాడు ఎవరో గానీ, నలుగురికీ ధైర్యం వస్తుంది, చివర ఒక మంచి మాట కలపమని ఎవరైనా అడిగి ఉంటే ఒప్పుకోలేదు. అలాగే దాన్ని పుస్తకంలో ఉండనిచ్చారు. దేవుడు కూడా ఉండనిచ్చాడు.

నేను బైబిలు మూసి పక్క సీట్లో పెట్టాను. వైపర్లు ఆపేశాను. ఆంటీ గురక వినబడుతూనే ఉంది. ఇంతసేపూ చదివింది ఎవరికోసం అని నన్ను నేను అడిగితే, నిద్రపోతున్న మనిషి కోసం అని చెప్పలేను. వినేవాడు ఇంకొకడు కార్లో ఉన్నట్టే చదివాను.

"నువ్వు చేసింది ఏం బాగోలేదు," అన్నాను.

సంఘంలో మేం ప్రార్థనకి వేరే తెలుగు వాడతాం. తండ్రీ, నీ సన్నిధి, నీ కృప, అంతా పుస్తకంలో తెలుగు. ఈ మాట మా వంటింట్లో తెలుగులో వచ్చింది. వచ్చాక ఇంక ఆగలేదు. హాల్లో చప్పట్ల గురించి చెప్పాను. భోజనాల లైన్లో సిగ్గుపడింది చెప్పాను. మా ఆయన నాకు కనబడకుండా బాత్రూంలో నీళ్ళు వదిలి ఏడ్చిన సంగతి చెప్పాను. ఇంకా నీతో కోపంగానే ఉన్నానని కూడా చెప్పాను. గట్టిగానే అంటున్నట్టున్నాను, పక్క వరసలో కారు దిగిన ఒక కుర్రాడు నా వైపు చూసి, ఇయర్‌బడ్స్‌లో మీటింగ్ అనుకున్నాడేమో, తల తిప్పుకుని వెళ్ళిపోయాడు. స్పీకర్‌లో గురక మాత్రం ఆగలేదు.

జవాబు ఏమీ రాలేదు. నాకు ఏ వాక్యమూ గుర్తుకు రాలేదు, ఏ శాంతీ దిగి రాలేదు. కానీ నేను మాట్లాడుతున్నది గోడతో కాదని తెలుస్తూ ఉంది. ఎలా తెలిసిందని అడిగితే చెప్పలేను. అంత దగ్గరగా నాకు దేవుడు పచ్చ పెన్సిల్ రోజుల్లో ఎప్పుడూ లేడు.

చివరికి ఒకటే మిగిలింది. ఆ స్కానింగ్‌కి ముందు రక్తపరీక్ష చేసినప్పుడు, బిడ్డ ఆడో మగో చెప్పమంటారా అని ఆసుపత్రి వాళ్ళు అడిగారు. చెప్పమన్నాం. ఆ సంగతి సంఘంలో చెప్పలేదు, మా అమ్మకి కూడా చెప్పలేదు. పోయాక మా ఇద్దరి మధ్య కూడా ఆ మాట రాలేదు. "పోయింది" అనేవాళ్ళం, పర్సు పోయినట్టు.

"ఆడపిల్ల," అని చెప్పాను దేవుడికి. ఆయనకి తెలియదని కాదు. "నా కూతురు నీ దగ్గరుంది. చూసుకో."

నా కూతురు అని నేను పైకి అనడం అదే మొదటిసారి. ఆ మాట విన్నది ఆయన ఒక్కడే.